ఏ ఎంఎంఓలో దిగాలి? ముందు గడియారం చూడండి, తర్వాతే గ్రాఫిక్స్

"ఏటి బావూ, ఇన్ని గేములున్నాయి, ఇంతకీ దేంట్లో దిగమంటావ్?" విజయనగరంలో ఇంజినీరింగ్ కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. రాజాం, శ్రీకాకుళం కుర్రాళ్లదీ ఇదే ప్రశ్న. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న ఒకే లోకంలో వేలమంది కలిసి తిరిగే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల గురించి వాళ్లు అడిగేది. పూర్తి పేరు నోరు తిరగదు కాబట్టి అందరూ ఎంఎంఓ అనేస్తారు.

యూట్యూబ్‌లో దీనికి బోలెడు సమాధానాలు దొరుకుతాయి. కానీ అవన్నీ ఎక్కువగా అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నవాళ్లు తమలాంటి వాళ్ల కోసం చెప్పినవి. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, కథ ఎలా ఉంది, ఫైటింగ్ ఎలా ఉంది, అంతే. సర్వర్ ఎక్కడుందో, అక్కడి జనం ఏ టైముకు ఆడతారో, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో వాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు. మన జిల్లాల్లో కూర్చుని ఆడేవాళ్లకు మాత్రం ఏ గేమ్ నిలుస్తుంది, ఏది వారానికే మూతపడుతుంది అనేది వీటి మీదే ఆధారపడి ఉంటుంది. మీకు ఖాళీ దొరికే గంటల్లో జనం ఉండాలి. మధ్యలో లేచిపోయినా, నెల్లాళ్లు రాకపోయినా పెద్దగా నష్టం రాకూడదు. గేమ్ ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి మాట.

సర్వర్ ఎంత దూరం

మీరు బటన్ నొక్కాక ఆ సంగతి సర్వర్‌కు చేరి, జవాబు తిరిగి మీ దగ్గరకు వచ్చేదాకా పట్టే టైమే పింగ్. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూ పోనూ కనీసం 10 మిల్లీసెకన్లు ఖర్చు. విజయనగరం నుంచి చెన్నై, అక్కడి నుంచి సముద్రం అడుగున కేబుల్ మీద సింగపూర్ కలిపి సుమారు 4 వేల కిలోమీటర్లు. కాబట్టి ఎంత మంచి కనెక్షన్ ఉన్నా 40కి తగ్గదు. మధ్యలో రౌటర్లు, మలుపులు కలిపితే ఇంకా పెరుగుతుంది. యూరప్ సర్వర్ అయితే ముంబై మీదుగా ఎర్ర సముద్రం, ఈజిప్టు దాటి వెళ్లాలి. అది 120 కన్నా తగ్గడం కష్టం, మామూలుగా 150 దాటుతుంది. 2025 సెప్టెంబర్‌లో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలో చాలాచోట్ల నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు ఇంటికి వచ్చే ఫైబర్ ఆపరేటర్‌ని తిట్టుకుని లాభం లేదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారినా పింగ్ తగ్గదు. ఎందుకంటే స్పీడ్ వేరు, దూరం వేరు.

అయితే పింగ్ ఎక్కువైతే అన్ని గేములూ ఒకే తీరుగా ఇబ్బంది పెట్టవు. చాలామంది చూడని విషయం ఇది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సంగతే తీసుకుందాం. బ్రిటన్‌కు చెందిన జాగెక్స్ కంపెనీ 2001లో మొదలుపెట్టిన రూన్‌స్కేప్‌కు పాత రూపం ఇది, 2013లో మళ్లీ తెచ్చారు. ఇందులో సర్వర్ ప్రతి 0.6 సెకనుకు ఒక్కసారే కదులుతుంది. ఆడేవాళ్లు ఆ కదలికను టిక్ అంటారు. మీరు చెట్టు మీద క్లిక్ చేస్తే మీ మనిషి వెంటనే గొడ్డలి ఎత్తడు, తర్వాతి టిక్ కోసం ఆగుతాడు. లండన్‌లో కూర్చున్నవాడి క్లిక్ 20 మిల్లీసెకన్లలో చేరుతుంది, నెల్లిమర్లలో ఉన్నవాడిది 200 పట్టవచ్చు. చాలాసార్లు రెండూ అదే టిక్‌లో పడతాయి, ఇద్దరి గొడ్డళ్లూ ఒకేసారి లేస్తాయి. టిక్ అంచు మీద లెక్క చూసుకుని ఆడే పెద్ద బాసుల (బలమైన శత్రువుల) దగ్గర తేడా తెలుస్తుంది కానీ, మామూలు ఆటలో మనకేమీ లోటు కాదు.

ఫైనల్ ఫాంటసీ 14లో చాలా దెబ్బల మధ్య రెండున్నర సెకన్ల విరామం ఉంటుంది కాబట్టి దాడి చేయడంలో ఇబ్బంది తెలియదు. తప్పించుకోవడంలోనే చిక్కు. నేల మీద పడిన నారింజ రంగు గుర్తు (అక్కడ దెబ్బ పడుతుందన్న హెచ్చరిక) నుంచి మీరు బయటికి వచ్చేశారని మీ స్క్రీన్ చూపిస్తుంది, కానీ సర్వర్ లెక్కలో మీరు ఇంకా లోపలే ఉంటారు. దెబ్బ పడిపోతుంది. అందుకే దూరం నుంచి ఆడేవాళ్లు గుర్తు కనిపించగానే కాస్త ముందే కదలడం అలవాటు చేసుకోవాలి. ఇక మనిషితో మనిషి తలపడే పీవీపీ మీద ఇష్టమైతే దగ్గరి సర్వర్ లేని గేమ్ జోలికి పోకండి. అక్కడ నూరు మిల్లీసెకన్ల తేడా అంటే ఓటమే.

వాళ్ల సాయంత్రం, మన మధ్యాహ్నం

పింగ్ కన్నా నాకు పెద్దదిగా అనిపించే చిక్కు ఇది. ఎంఎంఓ అంటే జనం. ఆ జనం వాళ్ల ఊళ్లో భోజనాలయ్యాక ఆడతారు. సిడ్నీలో రాత్రి 8 అంటే మనకు మధ్యాహ్నం 3.30, వాళ్ల వేసవిలో అయితే 2.30. మీరు కాలేజీలో ఉంటారు. టోక్యోలో రాత్రి 9 మనకు సాయంత్రం 5.30. సింగపూర్‌లో రాత్రి 9 మనకు 6.30. జర్మనీలో రాత్రి 8 అంటే వేసవిలో మనకు 11.30, చలికాలంలో అర్ధరాత్రి దాటి 12.30. న్యూయార్క్‌లో రాత్రి 8 అంటే మనకు తెల్లారి 5.30, చలికాలంలో 6.30.

ఈ లెక్క చూస్తే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మనకు ఎందుకు కష్టమో తెలుస్తుంది. 2004 నుంచి నడుస్తున్న ఆ గేమ్ మీద నాకు చాలా గౌరవం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా రెయిడ్ (గుంపుగా వెళ్లి చేసే పెద్ద దాడి) బాసులను అంత బాగా తీర్చిదిద్దే గేమ్ నాకు ఇంకొకటి కనిపించలేదు. కానీ మనకు తూర్పు వైపు ఇంగ్లీషులో ఆడగలిగే సర్వర్లు ఆస్ట్రేలియావి. అక్కడి గిల్డ్‌లు (ఆటగాళ్ల జట్లు) రెయిడ్‌కు కూడే టైముకు మనకు ఎండ మండిపోతుంటుంది. పైగా ఆ సర్వర్లు అమెరికా విభాగంలోకే వస్తాయి. వారానికోసారి చేసే మెయింటెనెన్స్ అమెరికాలో మంగళవారం ఉదయం మొదలైతే మనకు సరిగ్గా మంగళవారం రాత్రి, ఆడుకోవాల్సిన వేళకు గేమ్ ఆగిపోతుంది. యూరప్ సర్వర్‌లో చేరితే గిల్డ్ దొరుకుతుంది కానీ రెయిడ్ ముగిసేసరికి తెల్లవారుజామున 3 అవుతుంది. మర్నాడు మొదటి పీరియడ్‌కు వెళ్లాల్సినవాళ్లకు అది కుదిరే పని కాదు.

ఇందులో మనకు కలిసొచ్చే మాటా ఉంది. తెల్లారి 5కి లేచే అలవాటున్నవాళ్లకు అమెరికా సాయంత్రం అప్పుడే మొదలవుతుంది. కరెంటు నిలకడగా ఉంటుంది, ఇంట్లో వైఫై మీద ఇంకెవరూ ఉండరు. పింగ్ ఎక్కువే అయినా కథలు, పనులు, కబుర్లకు అది సరిపోతుంది.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ల సంగతి ఇంకా వేరు. ఈ వారం 'ఎ' షిఫ్ట్, పై వారం 'బి', ఆ తర్వాత 'సి'. ప్రతి మంగళ, గురువారాలు ఫలానా టైముకు రావాలని అడిగే ఏ గిల్డ్‌లోనూ వాళ్లు నిలవలేరు. వాళ్లకు కావాల్సింది ఎప్పుడు వచ్చినా ఏదో ఒకటి జరుగుతుండే గేమ్.

మధ్యలో లేచిపోతే

ఎంఎంఓలో పాజ్ ఉండదు. అమ్మ అన్నానికి పిలిచినా, కరెంటు పోయినా లోకం నడుస్తూనే ఉంటుంది. మీరు మధ్యలో మాయమైతే ఎవరికి నష్టం అన్నదాన్ని బట్టి గేములు విడిపోతాయి.

వార్‌క్రాఫ్ట్‌లో డంజన్‌కు, అంటే శత్రువులతో నిండిన గుహలాంటి చోటుకు, ఐదుగురు వెళతారు. దెబ్బలన్నీ తన మీద వేసుకునే ట్యాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు, డ్యామేజ్ ఇచ్చేవాళ్లు ముగ్గురు. మిథిక్ ప్లస్ అనే కష్టమైన రకంలో టైమర్ పెట్టి పరిగెత్తిస్తారు. మొదలయ్యాక ఒకరు పోతే ఆ స్థానంలో ఇంకొకరిని తెచ్చుకునే వీలు లేదు. మీరే ట్యాంక్ అయ్యుండి ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే మిగతా నలుగురి అరగంట మీ వల్ల పోతుంది. ఫైనల్ ఫాంటసీలో నలుగురి డంజన్ కొంచెం నయం, పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను వెతికి ఇస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడైనా సరే మొదట డ్యామేజ్ రోల్ తీసుకోండి. పార్టీ దొరకడానికి కాస్త ఎక్కువసేపు ఆగాల్సి వస్తుంది, కానీ మీరు జారిపోయినా ఆట పూర్తిగా కుప్పకూలదు. ఇంకో చిన్న మాట: లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, వైఫై రౌటర్‌కు ఉండదు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే చాలా రాత్రులు గట్టెక్కుతారు.

గిల్డ్ వార్స్ 2 ఈ విషయంలో దారే మార్చేసింది. అందులో టెక్వాటల్ అనే పెద్ద, చచ్చి మళ్లీ లేచిన డ్రాగన్ ఉంది. అది రోజూ నిర్ణీత వేళల్లో స్పార్క్‌ఫ్లై ఫెన్ అనే చిత్తడి నేలలో లేస్తుంది. ఆ వేళల్లో ఒకటి మనకు రాత్రి 9.30. అన్నం తిని, 9.15కి లాగిన్ అయి ఒడ్డుకు చేరితే అప్పటికే పదులమంది గుమిగూడి ఉంటారు. ఎవరో ఒకరు కమాండర్ గుర్తు పెట్టుకుని టర్రెట్ల (ఫిరంగుల్లాంటివి) దగ్గర ఎవరుండాలో, గోళ్ల దగ్గర ఎవరుండాలో చెబుతుంటారు. పావుగంటలో దాన్ని పడగొట్టాలి. మీ బహుమతి మీకు విడిగా వస్తుంది, పక్కవాడితో పంచుకోవడం లేదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి జనం వచ్చినట్టే ఇక్కడికీ వస్తారు. విడిగా పిలుపు అక్కర్లేదు, వచ్చినవాళ్లంతా అందులో వాళ్లే. మధ్యలో మీ కరెంటు పోతే డ్రాగన్ మిగతావాళ్ల చేతిలో పడుతుంది, ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనరు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నేను మొదట ఈ గేమ్ పేరే చెబుతాను.

డబ్బు ఎలా తీసుకుంటుంది

ధర ఎంత అనేదాని కన్నా ఏ పద్ధతిలో తీసుకుంటుంది అన్నది చూడాలి. వార్‌క్రాఫ్ట్‌కు నెలకు సుమారు 15 డాలర్ల సబ్‌స్క్రిప్షన్, అంటే వెయ్యి రూపాయలు దాటుతుంది. లెవెల్ 20 దాకా ఉచితం. కట్టిన నెల ఆగదు. సెమిస్టర్ పరీక్షలున్నా, కోతలకు ఊరు వెళ్లినా, తుఫానొచ్చినా తేదీ నడుస్తూనే ఉంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో అక్కడివాళ్లకు గుర్తే. అక్టోబర్, నవంబర్ వస్తే ఎప్పుడు ఏ తుఫానో తెలియని తీరంలో నెలవారీ కట్టే ఆటకు నేను రెండుసార్లు ఆలోచిస్తాను. పైగా 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆటో డెబిట్ నిబంధనలు కట్టుదిట్టం చేశాక, విదేశీ కంపెనీలకు కార్డు మీద నెలనెలా కట్టడం చాలామందికి తలనొప్పిగా మారింది. పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో రూపాయల్లో, యూపీఐతో కొనగలగడం, ఫోన్ గేముల్లో గూగుల్ ప్లే ద్వారా కట్టగలగడం మనకు పెద్ద వెసులుబాటు.

గిల్డ్ వార్స్ 2కు సబ్‌స్క్రిప్షన్ లేదు. 2012లో వచ్చిన మూల గేమ్ 2015 నుంచి ఉచితం, ఎక్స్‌పాన్షన్లు (తర్వాత వచ్చే అదనపు భాగాలు) కావాలంటే ఒక్కసారి కొనుక్కుంటే చాలు. ఇంకా మంచి సంగతి, దాని లెవెల్ 80 పరిమితిని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పెంచలేదు. వార్‌క్రాఫ్ట్‌లో కొత్త ఎక్స్‌పాన్షన్ రాగానే నిరుడు కష్టపడి సంపాదించిన కత్తి పనికిరాకుండా పోతుంది. ఇక్కడ రెండేళ్ల తర్వాత తిరిగొచ్చినా మీ గేర్ (ఆయుధాలు, కవచాలు) చెల్లుతుంది. ప్లేస్‌మెంట్ల ఏడాది ఆపేసి, ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు మన దగ్గర ఎంతమందో. వాళ్లందరికీ ఇది వరమే.

కథ ఇష్టపడేవాళ్లు ఫైనల్ ఫాంటసీ 14 ఫ్రీ ట్రయల్ తప్పకుండా చూడాలి. మూల గేమ్, రెండు ఎక్స్‌పాన్షన్లు, లెవెల్ 70 దాకా, ఎన్నాళ్లైనా. నిదానంగా ఆడితే ఏడాది సరిపడా సరుకుంది. ట్రయల్‌లో గిల్డ్‌లో చేరడం లాంటివి కుదరవు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకసారి డబ్బు కట్టి పూర్తి గేమ్‌కు మారితే ఆ అకౌంట్‌తో మళ్లీ ట్రయల్‌కు రాలేరు. మూల గేమ్ స్టీమ్‌లో కొంటే పీసీకి ఎక్స్‌పాన్షన్లు కూడా స్టీమ్‌లోనే కొనాలి, బయట కొన్నవి దానికి అతకవు. డిస్కౌంట్ చూసి తొందరపడేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2014లో సబ్‌స్క్రిప్షన్‌తో మొదలై మరుసటి ఏడాదే ఆ నిబంధన ఎత్తేసింది. ఒంటరిగా ఊళ్లు తిరుగుతూ కథలు వినేవాళ్లకు బాగుంటుంది. కానీ చేతిపనుల సామాను దాచుకునే హద్దులేని సంచి మాత్రం నెలనెలా కట్టేవాళ్లకే, అది లేకుండా ఆడితే బ్యాగ్ సర్దుకోవడంతోనే సరిపోతుంది.

ఇక ఫోన్‌లో అడుగడుగునా యాడ్లలో కనిపించే ఎంఎంఓల గురించి గట్టిగా చెప్పాలి. ఆటో బటన్ నొక్కితే మీ మనిషే తిరిగి, కొట్టి, సంపాదించే గేములివి. వాటిలో చాలావరకు ఒకే పద్ధతి. మాటిమాటికీ కొత్త సర్వర్ తెరుస్తారు, మొదటి స్థానం కోసం పోటీ పెడతారు, డబ్బు పోసినవాడికి వీఐపీ మెట్లు ఇస్తారు. జనం పలచబడగానే నాలుగు సర్వర్లు కలిపేస్తారు. అప్పుడు మీ మొదటి స్థానం నలభయ్యోది అవుతుంది, మళ్లీ డబ్బు పోయాలి. ఉచితం అని మొదలుపెట్టినవాళ్లు సబ్‌స్క్రిప్షన్ గేమ్ కన్నా ఎక్కువ ఖర్చుపెట్టేది వీటిలోనే.

ఫోన్ మాత్రమే ఉంటే

అందరికీ మంచి లాప్‌టాప్ ఉండదు. పెద్ద పీసీ ఎంఎంఓలు డౌన్‌లోడ్ చేయడానికి వంద జీబీకి అటూ ఇటూ కావాలి, రోజుకు 2 జీబీ డేటాతో అయ్యే పని కాదు. ఆడటానికి మాత్రం గంటకు పదుల ఎంబీలే. ఫోన్ మీద నిజమైన ఎంఎంఓ కావాలంటే నా దృష్టిలో ముందు రెండే ఉన్నాయి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2018లో మొబైల్‌కు వచ్చింది. పీసీలో ఆడే అదే లోకం, అదే అకౌంట్. డౌన్‌లోడ్ చిన్నది, పాత ఫోన్లలోనూ నడుస్తుంది. కాంప్లెక్స్‌లో బస్సు కోసం ఆగినప్పుడు చేపలు పట్టడం, రాత్రి ఇంట్లో క్వెస్టులు (గేమ్ అప్పజెప్పే పనులు) చేయడం. కొత్త మార్పులు తేవాలంటే ఆడేవాళ్ల ఓటింగ్‌లో 70 శాతం మంది ఒప్పుకోవాలన్న పద్ధతి వల్ల గేమ్ తీరు రాత్రికి రాత్రి మారిపోదు.

రెండోది ఆల్బియన్ ఆన్‌లైన్. 2017లో వచ్చింది, 2021 నుంచి ఫోన్లో ఉంది. 2023 మార్చిలో ఆసియాకు విడిగా సింగపూర్ సర్వర్ తెరిచారు. పింగ్, టైము రెండూ మనకు ఇంత బాగా కలిసొచ్చే పెద్ద గేమ్ ఇంకోటి నాకు తెలియదు. అకౌంట్ తెరిచాక ఆసియా సర్వర్ ఎంచుకున్నారో లేదో చూసుకోండి, ఒక సర్వర్‌లో పెంచిన మనిషి ఇంకోదాంట్లో ఉండడు. కానీ ఇది కఠినమైన లోకం. నీలం, పసుపు ప్రాంతాల్లో తోటి ఆటగాళ్ల వల్ల ప్రాణభయం లేదు. ఎరుపు, నలుపు ప్రాంతాల్లో చచ్చిపోతే ఒంటి మీదున్నదీ సంచిలో ఉన్నదీ అంతా పోతుంది. ఒంటరిగా వెళ్లి వారం కష్టం పోగొట్టుకుని గేమ్ తీసేసేవాళ్లు ఎక్కువ. నలుగురు స్నేహితులుంటేనే దిగండి. ఉంటే మాత్రం, సరుకు తయారుచేసేది ఒకరు, మోసేది ఒకరు, కాపలా ఇద్దరుగా ఒక వ్యాపారమే నడపవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి

మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అనగానే పెద్దవాళ్లకు రమ్మీయే గుర్తొస్తుంది. అప్పులపాలైన కుటుంబాల గురించి విన్నవాళ్ల భయం అది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలవాలని ఆడే ఆటలను దేశమంతటా ఆపేసింది. పందెం లేకుండా, ప్రవేశానికో సబ్‌స్క్రిప్షన్‌కో మాత్రమే డబ్బు తీసుకునే సామాజిక ఆటలను ఆ చట్టమే వేరుగా చూసింది. ఈ తేడా నాన్నకు, అమ్మకు ఓపికగా చెప్పండి. గేమ్‌లోని బంగారాన్ని బయట డబ్బుకు కొనడం, అమ్మడం జోలికి మాత్రం పోవద్దు. దొరికితే అకౌంట్ పోతుంది, మోసపోతే అడిగే దిక్కుండదు.

జనం ఎగబడుతున్నారని కొత్త గేమ్‌లోకి దూకడమూ మంచిది కాదు. 2021లో అమెజాన్ వదిలిన న్యూ వరల్డ్‌ను ఒక దశలో స్టీమ్‌లో ఒకేసారి 9 లక్షల మందికి పైగా ఆడారు. 2025 అక్టోబర్‌లో దానికి ఇక కొత్త కంటెంట్ ఉండదని చెప్పేశారు. 2010లో ఘోరంగా దెబ్బతిన్న ఫైనల్ ఫాంటసీ 14ను మాత్రం కంపెనీ మూసేసి, మొదటినుంచీ మళ్లీ కట్టి 2013లో తెచ్చింది. ఎంత జనం వచ్చారన్నదాని కన్నా కంపెనీ ఎన్నేళ్లు అంటిపెట్టుకుని ఉందన్నది చూడటం మేలు.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. లాప్‌టాప్ ఉండి టైము నిలకడ లేనివాళ్లు గిల్డ్ వార్స్ 2, అకౌంట్ తెరిచేటప్పుడు యూరప్ ఎంచుకుని. కథ కోసమైతే ఫైనల్ ఫాంటసీ ట్రయల్. ఫోనే ఉంటే రూన్‌స్కేప్, స్నేహితుల గుంపుంటే ఆల్బియన్. వార్‌క్రాఫ్టే కావాలని మనసు పడితే 2024 నుంచి వచ్చిన డెల్వ్స్ అనే చిన్న డంజన్లు ఒంటరిగా కూడా ఆడుకోవచ్చు, రెయిడ్ కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఏదైనా సరే, డబ్బు కట్టేముందు ఒక వారం పాటు మీరు రోజూ ఆడబోయే టైముకే లాగిన్ అవ్వండి. ఆదివారం మధ్యాహ్నం చూసి నిర్ణయించుకోవద్దు. ఆ వేళకు పట్టణంలో మనుషులు తిరుగుతున్నారా, చాట్ కదులుతోందా, డంజన్‌కు ఎంతసేపు ఆగాల్సి వస్తోంది అన్నవి గమనించండి. గిల్డ్‌లో చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి. రెయిడ్ ఎన్ని గంటలకు? వాళ్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చెబితే దానికి ఐదున్నర గంటలు కలుపుకోండి. రెండోది, మా ఊళ్లో అప్పుడప్పుడూ కరెంటు పోతుంది, మధ్యలో పడిపోతే ఎలా? ఈ రెండో ప్రశ్నకు విసుక్కునే గిల్డ్ ఎంత పేరున్నదైనా వదిలేయండి.